ప్రింట్లు పంపిస్తామని చెప్పొచ్చాం

మా అవ్వ ఒక ఫోటో కోసం సంవత్సరం పైగా పోస్టుమాన్‌ని అడిగింది. అప్పుడు నాకు ఏడేళ్ళు. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో బంగారుపాళ్యం దాటాక లోపలికి ఉంటుంది మా ఊరు. చుట్టూ తోతాపురి మామిడి తోపులు, మధ్యలో పెంకుల గుడి (మేం చర్చిని గుడి అనే అంటాం). ఒక వేసవిలో రెండు వ్యాన్లలో పదిమందికి పైగా తెల్లవాళ్ళు వచ్చారు. బెలూన్లు ఊది ఇచ్చారు, గిటార్ వాయించారు, టూత్‌పేస్ట్ ట్యూబులు పంచారు (మా ఇంట్లో అప్పటికి వేపపుల్లే, ఆ పేస్ట్ తియ్యగా ఉందని నేను సగం తినేశాను). వాళ్ళలో ఒక దొరసాని, మేకపిల్లని ఎత్తుకుని ఉన్న నన్ను గుడి ముందు నిలబెట్టి ఫోటో తీసింది. పంపిస్తానని ఉపదేశిగారి చేత అడ్రస్ కూడా రాయించుకుంది. ఇక ఆ రోజు నుంచి మా అవ్వకి అదే ధ్యాస. పోస్టుమాన్ సైకిలు మా వీధి మలుపు తిరిగితే చాలు, "ఏం అబ్బోడా, దొరసాని పటం పంపిందా?" అని. ఆయన మొదట్లో లేదవ్వా అని మర్యాదగానే చెప్పేవాడు, తర్వాత తర్వాత "షిప్పులో వస్తా ఉందవ్వా, నిదానం" అని నవ్వేవాడు. మేకపిల్ల పెద్దదయింది, క్రిస్మస్‌కి కూరయింది, ఫోటో మాత్రం రాలేదు.

ఇదెందుకు చెప్తున్నానంటే, 2018 జనవరిలో నేనే మెడలో కెమెరా వేసుకుని వేరే దేశంలో వేరేవాళ్ళ పిల్లల్ని గుడి ముందు వరసగా నిలబెట్టి ఫోటోలు తీశాను. నవ్వండి, నవ్వండి అని కూడా అన్నాను.

మా సంఘం చిత్తూరు టౌన్‌లోది. పెళ్ళయి తిరుపతి వచ్చేసినా సభ్యత్వం అక్కడే ఉంచుకున్నాను, నెలకో ఆదివారమైనా బస్సెక్కి వెళ్తుంటాను. మా అయ్యగారు, అంటే మా పాస్టరు, తమిళనాడులో బైబిల్ కాలేజీలో చదివినప్పుడు ఆయన రూమ్మేట్ ఒకాయన శ్రీలంక నుంచి వచ్చాడట. ఇప్పుడు హట్టన్ దగ్గర టీ తోటల్లో పాస్టరు. ఇరవై ఏళ్ళుగా రమ్మని పిలుస్తూనే ఉన్నాడు, ఈయన వస్తా వస్తా అంటూనే ఉన్నాడు. చివరికి 2017లో మామిడి సీజన్ అయిపోయి జనం చేతిలో కాస్త డబ్బు ఆడుతున్న టైంలో కమిటీలో విషయం తేలింది. తొమ్మిది మంది, పది రోజులు, ఖర్చు అంతా కలిపి రెండు లక్షల అరవై వేలు. టికెట్టు ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి, మిగతాది సంఘం కానుక. అందరూ ఆమేన్ అంటున్నప్పుడు వెనక బెంచీ నుంచి ఒక పెద్దామె లేచి, "ఆ దుడ్లు అట్లే వాళ్ళకి పంపించేస్తే పోలా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు, ప్రార్థన చేసి ముగించేశాం. జవాబు లేని చోట ప్రార్థన చేసి ముగించడం మాకు అలవాటే.

నన్ను ఎంచుకున్నది నా భక్తిని చూసి కాదు, నాకు అరవం వచ్చు కాబట్టి. మా అమ్మ పుట్టిల్లు గుడియాత్తం. చిత్తూరులో చాలామందికి తమిళం అర్థమవుతుంది కానీ ప్రసంగాన్ని తర్జుమా చేసే స్థాయిలో కావాలంటే వేరే సంగతి కదా. టీమ్‌లో అయ్యగారు, అమ్మగారు, ఒక నర్సక్క, నలుగురు యవ్వనస్తులు, నేను, ఇంకా మా మామ. మామ అంటే మా మేనత్త భర్త, సంఘపెద్ద, అప్పటికి అరవై ఆరేళ్ళు, అంతకుముందు విమానం ఎక్కి ఎరగడు. ఆయన సామాన్లలో మూడు కిలోల రాగిపిండి, మామిడికాయ ఊరగాయ డబ్బా, రెండు కట్టల తమిళ కరపత్రాలు ఉన్నాయి. కరపత్రాల్ని అయ్యగారు బయలుదేరే రాత్రి బయటికి తీయించేశారు. మనం పోతున్నది సందర్శకుల వీసా మీద, అక్కడ వీధుల్లో నిలబడి పంచడానికి లేదు, అక్కడి అయ్యగారి ఇంటికి చుట్టాల్లా పోతున్నాం అనుకోండి అన్నారు. శ్రీలంకలో రాజ్యాంగమే బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చింది, డబ్బులూ వస్తువులూ ఇచ్చి మతం మారుస్తున్నారని 2004లో ఒక బిల్లు కూడా వచ్చింది, మనం చేసే తెలివితక్కువ పనికి మనం వచ్చేశాక అక్కడివాళ్ళు మాటలు పడాలి అని వివరంగా చెప్పారు. మామ ముఖం ముడుచుకుంది కానీ కరపత్రాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఊరగాయ జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు.

రాత్రి ఒంటిగంటకి వ్యాన్‌లో చెన్నైకి బయలుదేరాం. నిద్ర పట్టని అయ్యగారు రాణిపేట దగ్గర పాత కథ ఎత్తుకున్నారు. మన చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది, స్కడర్ అన్నదమ్ములు 1853లో మొదలుపెట్టిన అమెరికన్ ఆర్కాటు మిషన్ ఈ ప్రాంతమంతా తిరిగింది. జేకబ్ చేంబర్లిన్ మదనపల్లెకి వచ్చి, తెలుగు నేర్చుకుని, వైద్యం చేసుకుంటూ 1908లో అక్కడే కన్నుమూశారు. ఆరోగ్యవరం టీబీ శానటోరియం 1915లో తెరిచిన ఫ్రిమాట్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. ఇవన్నీ సండే స్కూల్లో విన్నవే. కానీ ఆ చీకట్లో, రిటర్న్ టికెట్టు పర్సులో పెట్టుకుని వింటుంటే ఏదోలా అనిపించింది. వాళ్ళు వచ్చి ఉండిపోయారు, పిల్లల్ని ఇక్కడే పాతిపెట్టుకున్నవాళ్ళున్నారు. "మనకి పది దినాలు," అన్నాడు మామ వెనక సీట్లోంచి, "పది దినాల్లో జలుబు కూడా సరిగ్గా తగ్గదు గదా అయ్యా." అయ్యగారు కథ ఆపేసి పడుకున్నారు.

చెన్నై నుంచి కొలంబోకి గంటన్నర కూడా పట్టలేదు. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో అంతకంటే ఎక్కువ పడుతుంది. కటునాయక విమానాశ్రయంలో ఆఫీసర్ మామని ఎందుకొచ్చారు అని ఇంగ్లీషులో అడిగితే, ఈయన టెన్షన్‌లో రెండు చేతులూ జోడించి "వందనాలండీ" అన్నాడు. ఆయన నవ్వి స్టాంపు వేసేశాడు. బయట వ్యాన్ డ్రైవరు యాళ్ప్పాణం (జాఫ్నా) వైపు మనిషి, నన్ను చూసి "తమిళ్ కదైప్పీంగళా?" అన్నాడు. మన పక్క తమిళంలో మాట్లాడటాన్ని పేసడం అంటారు కదా, ఇతనేంటి కథలు చెప్తావా అంటున్నాడు అని బిత్తరపోయాను. అక్కడ మాట్లాడటమంటే కదైక్కిఱదే. నా తర్జుమా గతి ఏం కానుందో అక్కడే అర్థమైంది.

అసలు దెబ్బ మర్నాడు పొద్దున తగిలింది. పాస్టరమ్మగారు వంటింట్లోంచి వచ్చి, ఎంతో ఆప్యాయంగా "పాణ్ సాప్పిడువీంగళా?" అని అడిగింది. నేను వెనకా ముందూ చూడకుండా మామకి "పాన్ తింటావా అంటున్నారు మామా" అని చెప్పేశాను. మామ జన్మలో తమలపాకు ముట్టలేదు, పక్కనవాళ్ళు నమిలితేనే లేచి వెళ్ళిపోయే మనిషి. పొద్దున్నే, పళ్ళు తోముకున్నాక, పాస్టరుగారి ఇంట్లో, కిళ్ళీ! "వద్దమ్మా, మేం రక్షణ పొందినవాళ్ళం" అన్నాడు సీరియస్‌గా. దాన్ని నేను ఎలా తర్జుమా చేయాలో తెలీక నిలబడిపోయాను. ఆమె లోపలికెళ్ళి బ్రెడ్డు కోసి పళ్ళెంలో పెట్టుకొచ్చింది. పాణ్ అంటే బ్రెడ్డట, పోర్చుగీసువాళ్ళు వదిలిపెట్టి పోయిన మాట. మిగిలిన తొమ్మిది రోజులూ బ్రెడ్డు కనపడితే చాలు మా యవ్వనస్తులు "మామా, కిళ్ళీ" అని అందించేవారు.

ఆ తోట ఎలా ఉంటుందో చెప్పాలంటే ఫోటోల్లో కనపడే పచ్చదనం గురించి ఎవరైనా చెప్తారు, అది నిజమే. హట్టన్ నాలుగు వేల అడుగుల పైనే ఉంటుంది, జనవరి రాత్రుళ్ళు హార్స్‌లీ కొండ మీద వణికినట్టు వణికాం. కానీ నాకు ఎక్కువగా గుర్తున్నది లయన్లు. లైన్ ఇళ్ళని వాళ్ళు అలాగే అంటారు. రైలు పెట్టెల్లా ఒకే కప్పు కింద పది పన్నెండు గదులు, గది పదికి పన్నెండు అడుగులు ఉంటుందేమో, అందులోనే పొయ్యి, మంచం, స్కూలు బ్యాగులు, టీవీ. ఇంగ్లీషువాళ్ళ కాలంలో కట్టినవి, రేకుల మీద ఎగిరిపోకుండా రాళ్ళు. వీళ్ళ ముత్తాతల్ని మద్రాసు వైపు జిల్లాల నుంచి కంగాణీలు, అంటే కూలీల మేస్త్రీలు, తోలుకొచ్చారు. మొదట కాఫీ తోటలకి. మన్నారు దగ్గర పడవ దిగి అడవిలో కొండల దాకా నడిచారట, దారిలోనే చాలామంది పోయారు. 1869లో కాఫీ ఆకుకి తెగులు పట్టి తోటలు నాశనమయ్యాయి, అప్పటికి జేమ్స్ టేలర్ అనే ఆయన లూలకందరలో 19 ఎకరాల్లో వేసి చూసిన తేయాకే దిక్కయింది. ఇదంతా అక్కడి పాస్టరుగారు వ్యాన్‌లో చెప్తుంటే మా కుర్రాళ్ళు కిటికీలోంచి సెల్ఫీలు తీసుకుంటున్నారు. నేనూ తీసుకున్నాను లెండి.

ఆకు కోసేవాళ్ళు అందరూ ఆడవాళ్ళే. రోజుకి 18 కిలోలు కోయాలి, అప్పటి కూలి బేసిక్ 500, అలవెన్సులన్నీ కలిస్తే 730. వాళ్ళ రూపాయల్లో. మన లెక్కలో మూడొందల చిల్లర. తూకం దగ్గర నీటి తడి కింద రెండు మూడు కిలోలు కొట్టేస్తారని ఒకామె చెప్పింది. లోకానికి అంత మంచి టీ పంపించే చోట వాళ్ళు తాగేది పాలు లేని ప్లెయిన్ టీ, అదీ కింద మిగిలిన డస్ట్‌తో. నర్సక్క సాయంత్రాలు బీపీ చూసేది. ఇంటి పనీ తోట పనీ చేసుకొచ్చిన ఆడవాళ్ళు వరసలో నిలబడి, చెయ్యి చాపి, ఆ గాలి పట్టీ బిగుసుకుంటుంటే కళ్ళు మూసుకునేవాళ్ళు. ఎక్కువుంది అమ్మా, ఉప్పు తగ్గించాలి అని నేను తమిళంలో చెప్తే తలూపేవాళ్ళు. రెండో రోజు ఒకామె, "తగ్గించమంటారు సరే, రొట్టెలోకి సంబల్ కాక ఇంకేముంది అమ్మా?" అంది. ఉప్పూ మిరపకాయా నూరిన సంబల్. అది కూడా తర్జుమా చేశాను. నర్సక్క నా వైపు చూసింది, నేను బీపీ మిషన్ వైపు చూశాను.

గోడ సంగతి చెప్పకుండా దాటేయాలని ఉంది కానీ చెప్పేస్తాను. మిషన్ ట్రిప్ అంటే ఏదైనా ఒక గోడకి రంగు వేయాలి అని మా కుర్రాళ్ళ లెక్క. సండే స్కూల్ గది గోడకి రంగు డబ్బాలు కొనిచ్చి మొదలెట్టారు. నలుగురూ ఇంజనీరింగ్ పిల్లలు, బ్రష్ పట్టడం ఎవరికీ రాదు. గోడ ఇంకా చెమ్మగా ఉంది, కింద పాత సున్నం గీకలేదు. గుమ్మం దగ్గర ఒక కుర్రాడు, పాతికేళ్ళుంటాయి, చేతులు కట్టుకుని రోజంతా నిలబడి చూశాడు. పొంగల్‌కి కొలంబో నుంచి ఇంటికొచ్చాడట. సాయంత్రం టీ ఇస్తూ ఏం పని చేస్తావు తమ్ముడూ అని అడిగాను. పెయింటర్నక్కా అన్నాడు. మరి మాతో కలిసి వేయొచ్చు కదా అంటే, "మీరు అంత దూరం నుంచి వచ్చింది దీనికే కదా, అడ్డం రాకూడదని మా అమ్మ చెప్పింది" అన్నాడు. మేం తిరిగొచ్చిన నెలకి ఆ రంగు పొరలు పొరలుగా లేచిపోయిందట. ఆ అబ్బాయే మళ్ళీ గీకి, ఆరబెట్టి, సరిగ్గా వేశాడని పాస్టరుగారు ఫోన్‌లో చాలాసేపు తటపటాయించి చెప్పారు.

సువార్త చెప్పడానికి ఇప్పుడే మొదటిసారి ఎవరో వచ్చినట్టు మేం అనుకున్నాం కానీ, ఆంగ్లికన్ మిషనరీలు ఈ తోట కూలీల మధ్య పని మొదలుపెట్టింది 1854లో, దానికోసం తిరునెల్వేలి నుంచి తమిళ ఉపదేశులు వచ్చారు. అంటే మా అవ్వ వాళ్ళ అవ్వ కూడా పుట్టకముందే. మా అయ్యగారి మొదటి ప్రసంగానికి ముందు పాస్టరుగారు ఈ మాట చెప్పారు, గొప్పకి కాదు, ఊరికే పరిచయంగా. మా అయ్యగారు రాసుకొచ్చిన కాగితాల్లో సగం మడిచి జేబులో పెట్టుకోవడం పక్కన నిలబడ్డ నేను చూశాను. మంచి ప్రసంగం అది, పావుగంటే చెప్పారు.

మామ మాత్రం ఏ ప్లానూ లేకుండా అందరికంటే ఎక్కువ పని చేశాడని నా అభిప్రాయం. ఆయనకి నాలుగో రోజుకి బ్రెడ్డు మొహం మొత్తింది. వంటింట్లోకి దూరి, పాస్టరమ్మగారి పెద్ద గిన్నెలో ఎసరు పెట్టి, నూకలు వేసి, రాగిపిండి పోసి, తెడ్డు దొరక్క రొట్టెల కర్రతో సంగటి కెలికాడు. ఆవిరి వాసన బయటికి పోయిందో ఏమో, పక్క లయన్లో ఉండే ఒక ముసలామె వచ్చి గుమ్మంలో నిలబడింది. డెబ్బై పైబడి ఉంటుంది, చెవులు సాగి ఉన్నాయి, కోతలో గాట్లు పడ్డ వేళ్ళు నల్లగా, ఆ నలుపు కడిగినా పోదట. గిన్నెలోకి చూసి "కళి!" అంది. తను చిన్నప్పుడు వాళ్ళ పాట్టి (అవ్వ) చేసేదని, అది ఊరి నుంచి తెచ్చుకున్న వంట అని చెప్పింది. ఊరు అంటే ఏ ఊరమ్మా అంటే, ఊరే, కడలికి అవతల అంది. మామ చెయ్యి తడి చేసుకుని ముద్ద కట్టి, మధ్యలో గుంట పెట్టి ఊరగాయ నూనె పోసి ఇచ్చాడు. ఆయనకి తమిళం ముక్క రాదు, ఆమెకి తెలుగు రాదు, ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చుని ఒక్క మాట లేకుండా తిన్నారు. తర్జుమా అవసరం లేని చోటు అదొక్కటే దొరికింది నాకు, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఆమె క్రైస్తవురాలు కాదు. తోటలో చాలామంది కారు, ప్రతి తోటకీ ఒక మారియమ్మ గుడి ఉంటుంది. కానీ ఆ రోజు నుంచి రోజూ వచ్చేది. 1964లో మన ప్రధాని శాస్త్రిగారూ లంక ప్రధాని సిరిమావో బండారనాయకే కలిసి చేసుకున్న ఒప్పందంలో ఈ తోటల తమిళుల్లో ఐదు లక్షల పాతిక వేల మందిని ఇండియాకి, మూడు లక్షల మందిని లంకకి అని పంచుకున్నారు కదా, అందులో ఆమె అక్క కుటుంబం ఇండియా వాటాలో పడింది, ఈమె లంక వాటాలో. రైలెక్కించి తలైమన్నారు పంపించారట, అక్కడి నుంచి ఓడ. ఉత్తరాలు రెండో మూడో వచ్చాయి, ఆగిపోయాయి. "అక్క ముఖం ఇప్పుడు గుర్తు రావట్లేదు. అచ్చం నాలాగే ఉండేదని అనేవాళ్ళు" అని చెప్పి, నా ఫోటో ఒకటి తీయమ్మా అని అడిగింది. తనంతట తను ఫోటో అడిగిన మనిషి ఆ తోటలో ఆమె ఒక్కతే, మిగతావాళ్ళందర్నీ మేమే నిలబెట్టాం.

పద్నాలుగో తేదీ ఆదివారం, అదే రోజు తై పొంగల్. పొద్దున్నే లయన్ల ముందు ముగ్గులు, పొయ్యిల మీద కుండలు పొంగుతున్నాయి. గుడికి వచ్చేవాళ్ళూ రానివాళ్ళూ ఒకే ముగ్గు తొక్కకుండా దాటుకుంటూ పోతున్నారు. మా చిత్తూరు పక్కన పశువుల పండగ సందడి గుర్తొచ్చి మా కుర్రాళ్ళకి ఇంటి బెంగ పట్టుకుంది. ఆరాధన అయ్యాక ఆమె మా తొమ్మిది మందినీ తన గది ముందుకి పిలిచి పొంగలి పెట్టింది. తినాలా వద్దా అని మా వాళ్ళ మధ్య చూపులు నడిచాయి. నైవేద్యం పెట్టిందా లేదా అని ఒకరు నన్ను మెల్లగా అడగమన్నారు. నేను అడగలేదు. తర్జుమా చేసేవాళ్ళకి ఆ మాత్రం స్వతంత్రం ఉండాలి. మామ అప్పటికే తినేస్తున్నాడు. అప్పుడే తీశాం గ్రూప్ ఫోటో. మధ్యలో ఆమె, పక్కన మామ, చుట్టూ మేం, వెనక రేకులూ రాళ్ళూ, ముందు ముగ్గు.

ఆ రాత్రులు అమావాస్య దగ్గరపడి బాగా చీకటిగా ఉండేవి. పాస్టరుగారి ఇంటి వెనక నుంచి చూస్తే దూరంగా శ్రీపాద కొండ మీదికి దీపాల వరస కనిపించేది. 2,243 మీటర్ల కొండ, డిసెంబరు నుంచి మే దాకా యాత్ర. పైన ఉన్న పాదం ముద్ర బౌద్ధులకి బుద్ధుడిది, హిందువులకి శివుడిది, ముస్లింలూ క్రైస్తవులూ ఆదాముదంటారు. తిరుపతిలో రాత్రి మేడ మీదికెక్కితే అలిపిరి మెట్ల దీపాలు కొండ మీదికి పాకుతూ కనపడతాయి చూడండి, అచ్చం అలాగే. రోజూ చూసే దృశ్యాన్ని పరాయి దేశంలో చూస్తే గుండె ఒక్క క్షణం ఎక్కడున్నామో మర్చిపోతుంది. మామ దుప్పటి కప్పుకుని చాలాసేపు చూసి, "ఆదాము ఏడికాడికి ఎక్కినాడో పాపం, మోకాళ్ళు నొప్పి పుట్టలేదేమో" అన్నాడు.

అనురాధపురం వైపు అహికుంటికలని పాములాడించే వాళ్ళున్నారు, వాళ్ళ ఇంటి భాష తెలుగే, తంబుత్తేగమ దగ్గర కుడాగమలో ఉంటారు అని ఎవరో చెప్పినప్పటి నుంచి మామకి అక్కడికి పోవాలని ఆశ. టైం సరిపోలేదు. కొలంబోలో ఒక రోజు షాపింగ్ పెట్టుకున్నాం కాబట్టి సరిపోలేదు, నిజం చెప్పాలంటే.

బయలుదేరే రోజు పిల్లలంతా వ్యాన్ చుట్టూ. ఫోటో అనుప్పువీంగళా అక్కా, ఫోటో పంపిస్తారా. పంపిస్తాం, పంపిస్తాం. అడ్రస్ చెప్పమని నోట్‌బుక్ తీశాను. తీశాక తెలిసింది, ఆ లయన్ గదులకి విడిగా అడ్రస్ ఉండదు. తోట పేరు, డివిజన్ పేరు, అంతే. ఉత్తరమేదైనా తోట ఆఫీసుకి వస్తుంది, అక్కడి నుంచి ఎవరికైనా గుర్తొచ్చినప్పుడు, ఎవరైనా ఆ వైపు వెళ్తే చేరుతుంది. ఉద్యోగం ఇంటర్వ్యూ కార్డు తేదీ దాటాక చేతికొచ్చిన పిల్లలున్నారట. ముసలామె మాత్రం పిల్లల్లా అడగలేదు. నా నోట్‌బుక్ మీద వేలు పెట్టి, "మరక్కామ అనుప్పుంగ" అంది. మర్చిపోకుండా పంపించండి.

మర్చిపోయాను. చిత్తూరు వచ్చాక సంఘంలో సాక్ష్యాలు చెప్పుకున్నాం, ప్రొజెక్టర్‌లో ఫోటోలు వేసి చూపించాం, పిల్లల ముఖాలు తెర మీద అంతంత పెద్దగా. అందరూ చప్పట్లు కొట్టారు. గోడకి రంగు వేస్తున్న ఫోటోకి ఇంకా ఎక్కువ కొట్టారు. దుడ్లు పంపిస్తే పోలా అన్న పెద్దామె వెనక బెంచీలో కూర్చుని అన్నీ శ్రద్ధగా చూసింది, ఏమీ అనలేదు. ఫిబ్రవరి, మార్చి, పరీక్షలు, పేపర్లు దిద్దడం (నేను ప్రైవేట్ స్కూల్ టీచర్‌ని), వేసవిలో బంగారుపాళ్యం పోయాం. మామిడికాయల లారీల వెనక పోస్టుమాన్ బైక్ మీద పోతూ కనపడ్డాడు, ఇప్పుడు వేరే అబ్బాయి. అంతే, కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. మా అవ్వ పోయి అప్పటికి పదకొండేళ్ళు.

చిత్తూరులో స్టూడియోకి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళి 143 ప్రింట్లు తీయించాను. ఒక్కొక్క కవరు మీద ఒక్కొక్క పేరు తమిళంలో రాశాను, తప్పులుంటాయని భయపడుతూ. నా తమిళం మాటే కానీ రాత అంతంత మాత్రం. కొరియర్ రేటు వింటే కళ్ళు తిరిగాయి, చివరికి పోస్టాఫీసులో రిజిస్టర్ పార్సిల్ చేశాను, తోటకి కాదు, నేరుగా పాస్టరుగారి ఇంటికి. ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ నేను మా అవ్వలాగే రోజూ ట్రాకింగ్ నంబర్ కొట్టి చూసుకున్నాను. చేరాయి అని ఒక మెసేజ్ వచ్చింది. అంతకుమించి ఏమీ రాలేదు, నేనూ అడగలేదు.

మరుసటి సంవత్సరం ఏప్రిల్ 21, ఈస్టర్. మేం గుడి నుంచి ఇంటికొచ్చి టీవీ పెట్టేసరికి కొలంబో, నీర్‌కొళుంబు (నెగొంబో), మట్టక్కళప్పు (బట్టికలోవా) చర్చీల్లో బాంబులు. హట్టన్ కాదని తెలిసినా ప్రాణం కుదుటపడలేదు. అక్కడ వాట్సాప్, ఫేస్‌బుక్ అన్నీ ఆపేశారు, మెసేజ్‌కి ఒకే టిక్కు. రెండో రోజుకి అయ్యగారికి మామూలు ఫోన్ కలిసింది, అందరూ క్షేమమే, గుడిలో కూడుకోవడం ఆపేశాం, ఇళ్ళకి తిరిగి ప్రార్థన చేస్తున్నాను అన్నారట పాస్టరుగారు. నెలాఖరుకి వాట్సాప్ తెరుచుకున్నాక నాకు ఆయన నుంచి ఒక ఫోటో వచ్చింది. ఇళ్ళకి తిరుగుతుంటే ముసలామె దారిలో ఆపి నా గదికీ రండి అందట. వెళ్తే గోడ మీద ఇది కనపడిందట.

గోడకి మేకు, మేకుకి ఫ్రేమ్. మా పొంగల్ గ్రూప్ ఫోటో. ఎడమ పక్కన మారియమ్మ, కుడి పక్కన లక్ష్మీదేవి క్యాలెండర్, మధ్యలో మేం తొమ్మిదిమందిమీ ఆమే. ఫ్రేమ్ చుట్టూ ప్లాస్టిక్ బంతిపూల దండ, అద్దం మీద అందరి నుదుటా వరసగా పసుపూ కుంకుమా. అయ్యగారికి, అమ్మగారికి, నర్సక్కకి, నాకు. ఆమె తన ముఖం మీద కూడా పెట్టుకుంది, కాస్త పెద్ద బొట్టు. అది తన ముఖం అనుకునే పెట్టిందో, అక్క ముఖం అనుకుని పెట్టిందో.

గ్రూపులో పెట్టాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, ఊరుకుని, ఆదివారం మామకి ఒక్కడికే చూపించాను. గుడి బయట చెట్టు కింద కళ్ళజోడు పైకి తోసుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని, దగ్గరికి పట్టుకుని చూశాడు. సంఘపెద్ద కదా, ఏమంటాడో అని నాకు లోపల దడగానే ఉంది.

"నాకూ పెట్టిందా?" అన్నాడు.

"పెట్టింది మామా."

వేళ్ళతో తన ముఖం పెద్దది చేసుకుని ఇంకోసారి చూశాడు.

"దండ కూడా ఏసింది గదా పాపా. నేనింకా బతికే ఉండానని ఆయమ్మకి ఒక ఫోన్ చేసి చెప్పు."